నజ్మా ఇంట్లో మా వాటా

ఖుత్బుద్దీన్ తెచ్చిన కాగితం నిండా రాత ఉంది. జియా భాయ్ మాకు చదివి చెప్పింది మాత్రం మూడు ముక్కలు.

"ఆగస్టు ఆఖర్లోపల ఖాళీ చెయ్యాల్నంట. ఇల్లు పడగొడ్తరంట. పొడిగించుడు ఉండదంట. గంతే."

1997 జూన్ మొదటి గురువారం అది. మధ్యాహ్నం మూడున్నర. వాకిట్లో సిమెంటు గచ్చు చెప్పుల్లోంచి కూడా కాలుతోంది. అందరం నీళ్ళ ట్యాంకు నీడలోకి జరిగి నిలబడ్డాం. ఖుత్బుద్దీన్ ఇంటి యజమాని తరఫున అద్దెలు వసూలు చేసే మనిషి. ఆ యజమానిని మేమెవ్వరం ఎన్నడూ చూడలేదు. కాగితం జియా భాయ్ చేతిలో పెట్టి, నకలు మీద మా చేత సంతకాలు చేయించుకుని, ఏసీ ఆపకుండా ఉంచిన కారులోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

నేను ఆ కాగితం తీసుకుని చూశాను. నాకు అరబ్బీ రాదు. అయినా వరసలు లెక్కపెట్టాను. పదిహేడున్నాయి. ఏడేళ్ళుగా పిల్లలకి చదువు చెబుతున్నదాన్ని, పదిహేడు వరసల్లో మూడు మాటలే ఉంటాయంటే ఎలా నమ్మను?

"అంతేనా జియా భాయ్? ఇంకేం లేదా ఇందులో?"

"ఇంకేముంటది టీచరమ్మా. తారీఖులు, నంబర్లు, మీద సలాములు," అని కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అందరికీ సంబంధించిన కాగితం ఆయన జేబులోకి ఎందుకు వెళ్ళాలి? ఆ మాట అడగబోతుంటే మా ఆయన రిచర్డ్ నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

అది ఒకప్పుడు ఒక ఖతరీ కుటుంబం కట్టుకుని, పెద్ద ఇంట్లోకి మారుతూ వదిలేసిన పాత ఇల్లు. మేం దోహాలో నజ్మా అనే ఈ పేటకి వచ్చేనాటికే దాన్ని ప్లైవుడ్డు గోడతో రెండు వాటాలు చేశారు. ముందు వాటాలో జియావుద్దీన్, ఆయన భార్య సాబేరా, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళది బోధన్. ఆయన టైపింగ్ సెంటర్లో అరబ్బీ టైపిస్టు. వీసా ఫారాల దగ్గర్నుంచి లైసెన్సు దరఖాస్తుల దాకా టైపు చేసేవాడు. వెనక వాటాలో మేము: నేను, రిచర్డ్, ఆరేళ్ళ మా జెరూషా. మాది పాలకొల్లు దగ్గర. నేను ఇండియన్ స్కూల్లో కేజీ పిల్లలకి టీచర్ని, రిచర్డ్ ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పెరట్లో పాతకాలపు పనివాళ్ళ గదిలో నర్సింలు, అతనితో పాటు జగిత్యాల వైపు మేస్త్రీలు ఐదుగురు ఉండేవారు.

ప్లైవుడ్డు గోడ మాటల్ని ఆపదు. సాబేరా కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో మా గదిలో కూర్చుని చెప్పగలిగేదాన్ని. మా జెరూషా జ్వరంలో దగ్గితే అటునుంచి, "తులసాకు ఉన్నది, పంపాల్నా?" అని కేక వినిపించేది. నాలుగేళ్ళు అలా గడిచాయి. ఆ గోడ మీద అనుమానం రావడం ఆ జూన్‌లోనే మొదటిసారి.

ఇల్లు పోతే అద్దె ఒప్పందం పోతుంది. ఒప్పందం లేకపోతే సెప్టెంబరులో నా వీసా, జెరూషా వీసా రెన్యూవల్ కావు. మేమిద్దరం ఇంటికి, రిచర్డ్ ఏ బ్యాచిలర్ గదిలోకో. ఎరిగినవాళ్ళలో రెండు కుటుంబాలు అప్పటికే అలా విడిపోయాయి.

* * *

ఆ ఏడు దోహాలో ఇళ్ళు లేవు. గ్యాస్ ప్లాంట్ల పనికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు దిగుతున్నారు. పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. రంగు ఆరకముందే కంపెనీలు ఆ బిల్డింగులకి బిల్డింగులే తీసేసుకుంటున్నాయి. మా వాటాకి మేమిచ్చేది పదకొండు వందల రియాళ్ళు. మూడేళ్ళ కిందట అందులో సగం ధరకి దొరికిన గదులే ఇప్పుడు పదిహేను వందలకి పోతున్నాయి.

స్కూలు సెలవులు. ఊరికి వెళ్ళలేదు. రోజూ సాయంత్రం రిచర్డ్ ఆఫీసు నుంచి రాగానే జెరూషాని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాత టొయోటాలో తిరిగేవాళ్ళం. కిటికీకి అద్దెకని రాసిన అట్టముక్క వేలాడితే చాలు, కారు ఆపమనేదాన్ని. బిన్ మహమూద్ పేటలో ఒక వాచ్‌మన్ మూడో అంతస్తుదాకా నడిపించి చూపించిన ఇంట్లో స్నానాలగదికి దారి వంటగదిలోంచి ఉంది. శనివారం దానికి రెండువేల నాలుగు వందలన్నాడు. ఆలోచించుకుని సోమవారం వెళితే రెండువేల ఏడు వందలయింది. "నిన్న ఒక కంపెనీవాళ్ళు వచ్చి చూశారు మేడమ్," అన్నాడు హిందీలో, నా తప్పేం లేదన్నట్టు.

కారెక్కాక నాకు ఏడుపొచ్చింది. రిచర్డ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తున్నాడు.

"మీకు భయం వెయ్యట్లేదా?" అన్నాను.

"దేవుడు ఏదో దారి చూపిస్తాడులే."

రిచర్డ్ అలా మాట్లాడే మనిషి కాడు. ప్రార్థనకి రమ్మంటేనే ఆఫీసు పనుందనే మనిషి. అయినా ఆ మాట నాకు చల్లగానే తగిలింది. ఇన్నాళ్ళకి విశ్వాసం వచ్చిందనుకున్నాను.

ప్రార్థన మా ఇంట్లోనే జరిగేది, శుక్రవారం పొద్దున. అప్పట్లో ఆ దేశంలో చర్చికి అనుమతి లేదు. పన్నెండు పదిహేను మంది తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. సువార్తరావు గారు వాక్యం చెప్పేవారు. ఆయన కైకలూరు వైపు పెద్దమనిషి, ఒక ట్రేడింగ్ కంపెనీలో స్టోర్‌కీపరు. ఇల్లు ఖాళీ చెయ్యమన్న సంగతి చెప్పగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా గ్లోరియా, ఈ వీధిలో ఇన్ని పాత ఇళ్ళున్నాయి. ముందుగా ఈ ఇంటికే ఎందుకొచ్చింది నోటీసు?"

"తెలీదండీ."

"మన కూడిక గురించి ఎవరన్నా పైకి చెప్పారేమో. ముందు వాటావాళ్ళు మనవాళ్ళు కాదు కదమ్మా."

నాలుగేళ్ళుగా శుక్రవారం పొద్దున్నే జియా భాయ్ తన కారు బయట వీధిలో పెట్టుకునేవాడు, మా వాళ్ళ కార్లకి లోపల చోటుండాలని. ఆ సంగతి నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది ఆ కాగితం, ఆ జేబు.

* * *

జూలై రెండోవారంలో నజ్మా బజారుకి బియ్యం కోసం వెళ్ళాను. ఎక్స్చేంజి పక్కనున్న జ్యూస్ షాపు ముందు ఖుత్బుద్దీన్ తెల్లకారు ఆగి ఉంది. లోపల ఖుత్బుద్దీన్ పక్క సీట్లో జియా భాయ్ కూర్చుని, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఖుత్బుద్దీన్ స్ట్రాతో జ్యూస్ తాగుతూ తల ఊపుతున్నాడు. నేను బియ్యం సంచీ కింద పెట్టి, దుకాణం అద్దం వెనకనుంచి చాలాసేపు చూశాను.

ఆ సాయంత్రం సాబేరాని అడిగాను. పెరట్లో బట్టలు తీస్తోంది.

"జియా భాయ్ ఇవాళ డ్యూటీకి వెళ్ళలేదా?"

"పోయిండు. ఎందుకు?"

"బజార్లో కనబడ్డట్టుంది."

"ఆయన కాదేమో," అంది సాబేరా. అబద్ధం చెప్పిందనుకున్నాను. ఆమెకి కూడా తెలియకపోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆనాటినుంచి గోడ దగ్గర మాట్లాడటం మానేశాను, వినడం మొదలుపెట్టాను. సిగ్గుపడే పనే. మధ్యాహ్నం జెరూషా నిద్రపోయాక ఏసీ కట్టేసి ప్లైవుడ్డుకి చెవి ఆనించేదాన్ని. చెమట మెడమీదనుంచి కారేది. వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకుంటారు కాబట్టి సగం అర్థమయ్యేది కాదు. ఒక శుక్రవారం మాత్రం స్పష్టంగా విన్నాను. జియా భాయ్ గొంతు, "రిచర్డ్ సాబ్" అంది. సాబేరా ఏదో గట్టిగా అడిగింది. ఆయన, "ధీరే," అన్నాడు. మెల్లగా అని.

నా మొగుడి పేరు వాళ్ళ ఇంట్లో మెల్లగా ఎందుకు పలకాలి?

రిచర్డ్‌తో చెప్పాను. కారులో చూసిందీ, గోడలోంచి విన్నదీ, సువార్తరావు గారన్నదీ. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు.

"నీకెందుకా గొడవ? వాళ్ళ తిప్పలేవో వాళ్ళు పడుతున్నారు."

"మన గుట్టు బయటపెట్టి, తనకో వాటా ఇప్పించుకుంటున్నాడండీ."

"అలా అనకు."

"మరింకేంటి? చెప్పండి."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నం సగం అలాగే ఉంది.

* * *

ఆగస్టు మొదటి శుక్రవారం ప్రార్థన అయ్యాక మావాళ్ళు వెళుతుంటే, వాకిట్లో జియా భాయ్ ఎదురొచ్చాడు. చేతిలో రొట్టెల పొట్లం. సువార్తరావు గారిని చూసి నవ్వి, "ఏం సార్, బాగున్నరా?" అన్నాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

"ఎంతకి మాట్లాడుకున్నారు జియా భాయ్?" అన్నాను.

"ఏంది టీచరమ్మా?"

"ఖుత్బుద్దీన్‌తో. కార్లో కూర్చుని జ్యూసులు తాగారు కదా. మేం శుక్రవారాలు ఏం చేసుకుంటున్నామో చెప్పినందుకు మీకేమిస్తానన్నాడు? ఆ కాగితంలో రాసినదేంటి? మాకు చదవకుండా దాచినదేంటి?"

సాబేరా గుమ్మంలోకి వచ్చింది, వెనకాల ఇద్దరు పిల్లలూ. పెరటి గదిలోంచి నర్సింలు తల బయటపెట్టాడు. మా వాళ్ళు ఎనిమిదిమంది చేతుల్లో బైబిళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. రిచర్డ్ నా పక్కనే, నాకు జానెడు దూరంలో ఉన్నాడు.

జియా భాయ్ నా వైపు చూడలేదు. రిచర్డ్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. దొరికిపోయినవాడు నాకు మొహం చూపించలేక మగవాణ్ణి ప్రాధేయపడుతున్నాడని నేననుకున్నాను. రిచర్డ్ కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాడు.

"మీ ఇష్టం టీచరమ్మా," అన్నాడు జియా భాయ్. "మీరేమనుకుంటె గదే." రొట్టెల పొట్లం పెద్దపిల్లకిచ్చి లోపలికి పోయాడు.

సాబేరా మాత్రం ఊరుకోలేదు. "నా మొగుడు చోరా? నాలుగేండ్లు నీ బిడ్డకు నా చేతులతోని తినిపిచ్చిన గ్లోరియా," అని తలుపు వేసుకుంది. ప్లైవుడ్డు గోడ మొత్తం అదిరింది.

సువార్తరావు గారు నా తలమీద చెయ్యిపెట్టి, "ధైర్యంగా అడిగావమ్మా," అన్నారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పదిరోజుల తర్వాత రిచర్డ్ ఇల్లు దొరికిందన్నాడు. అల్ రయ్యాన్ రోడ్డు వైపు కొత్త బిల్డింగు, రెండు పడగ్గదుల ఫ్లాటు, అద్దె పద్నాలుగు వందలు. నమ్మలేక రెండుసార్లు అడిగాను. ఆఫీసువాళ్ళు మాట్లాడి పెట్టారన్నాడు. ఒప్పందం చూపించాడు. కింద ఖుత్బుద్దీన్ సంతకం ఉంది. అదేమిటని అడిగితే, "వాడికి ఊరంతా బిల్డింగులే," అన్నాడు. నేను మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పుకున్నాను.

అదే వారంలో సాబేరావాళ్ళ గదిలోంచి అట్టపెట్టెలకి టేపు అంటించే చప్పుడు వినిపించింది. వాళ్ళకి ఇల్లు దొరకలేదు. సాబేరా పిల్లల్ని తీసుకుని బోధన్ వెళ్ళిపోతోందని నర్సింలు చెప్పాడు. జియా భాయ్ నజ్మాలోనే ఏదో గదిలో పడక వెతుక్కున్నాడట.

* * *

మేము కూడా సామాన్లు సర్దడం మొదలుపెట్టాం. గాజుసామాను చుట్టడానికని రిచర్డ్ ఆఫీసునుంచి చెత్తలో పడెయ్యబోయే పాత ప్రింట్లు ఒక కట్ట తెచ్చాడు. ప్లానుల నకళ్ళు, నీలం గీతలవి. విప్పగానే అమ్మోనియా వాసన ముక్కు పగలగొట్టింది. కింద కూర్చుని ఒక్కొక్క కాగితం చింపుతూ, గ్లాసులు చుడుతూ పోతున్నాను.

ఏడో గ్లాసు దగ్గర చెయ్యి ఆగింది. ఆ కాగితంలో ఒక ఇల్లు. నాకు ప్లానులు చదవడం పెద్దగా రాదు. కానీ ప్లైవుడ్డు గోడకి సన్నగా రెండు గీతలు గీసి ఉన్నాయి. మా వంటగదిలో సింకు పక్కన గోడకి ఒక మూల ముందుకొస్తుంది. అది ఏ లెక్కలోనూ ఉండదు, ఎవరో తర్వాత ఇటుకలతో కట్టింది. ఆ మూల కూడా ఉంది. పెరటి గది ఉంది, నీళ్ళ ట్యాంకుకి గుండ్రటి గీత ఉంది. ఇల్లంతటి మీదా ఏటవాలు గీతలు. పక్కన ఇంగ్లీషులో, ఇప్పుడున్న కట్టడం, తొలగించవలెను. అడుగున గడిలో తేదీ: జనవరి 27. ఏడు అంకెకి నడుం మీద చిన్న అడ్డగీత. ఆ ఏడు ఎవరు రాస్తారో నాకు తెలుసు. మా పెళ్ళికి ముందు వచ్చిన ఉత్తరాల్లో ప్రతి తేదీలోనూ అదే ఏడు.

ఆఫీసుకి ఏ పని వస్తే అది గీస్తారు కదా, ఏదో పాత ప్లాను చూసి గీసి ఉండొచ్చు కదా, అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడే నర్సింలు వచ్చాడు, కిటికీ ఏసీ ఊడదీసి ఇస్తానన్నాడు పొద్దున.

"నర్సింలూ, ఈ ఇల్లు కొలవడానికి ఎవరన్నా వచ్చారా? జనవరిలో."

"ఎవరొస్తరమ్మా? సారే కొలిచిండు గద." స్క్రూ నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "ఆ దినం నాకు డ్యూటీ లేకుండె. మీరు బడికి పోయిన్రు. సార్ ఆఫీసుకెల్లి తొందరగ వచ్చిండు. టేపు కొస నేనే పట్టుకున్న. సాబేరమ్మ వాళ్ళ దిక్కు గూడ కొలిచినం, పైపులు బాగుచేపిస్తరని చెప్పిండు. ఎందుకమ్మా?"

"ఏం లేదు. స్క్రూ మింగుతావు, ముందది తియ్యి," అన్నాను.

ఆ కాగితాన్ని చింపలేదు. మడతపెట్టి పక్కన పెట్టి, మిగతా గ్లాసులన్నీ చుట్టాను. చివరిదాకా చుట్టాను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడే వేళకి రిచర్డ్ వచ్చాడు. కాగితం మంచం మీద పరిచి ఉంచాను. చూశాడు. చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

"ఇంజనీరు ఒక ఫైలు నా టేబుల్ మీద పెట్టాడు. విప్పి చూస్తే మన ఇల్లే. ఎవరితోనన్నా అంటే మర్నాటికి ఉద్యోగం ఉండదన్నాడు."

"నాతో కూడానా?"

"నీకు చెబితే ప్రార్థనలో పెడతావు. పదిహేనుమందికి తెలుస్తుంది."

అది నిజమే.

"ఫ్లాటో?"

"నోటీసిచ్చేలోగా లోపలి కొలతలు గప్‌చుప్‌గా కావాలన్నాడు ఖుత్బుద్దీన్. నేనెలాగూ ఇంట్లోనే ఉంటాను కదా. చేసిపెడితే ఎక్కడో ఒకచోట సర్దుతానన్నాడు. నువ్వూ పాపా వెళ్ళిపోతే నేనిక్కడ ఏం చెయ్యను గ్లోరియా?"

"జియా భాయ్‌ని నేను అందరి ముందూ ఆ మాటలన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను," అన్నాడు.

జెరూషా వచ్చి అన్నం పెట్టమంది. లేచి పెట్టాను.

* * *

మర్నాడు సాయంత్రం జియా భాయ్ తలుపు కొట్టాను. సాబేరా తలుపు తీసి, నన్ను చూసి, రమ్మనకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కట్టిన పెట్టెల మధ్య ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నేను ప్రింటు ఆయన ముందు పరిచాను.

ఆయన దాన్ని పెద్దగా చూడలేదు.

"నాకు ఎరికే టీచరమ్మా."

"ఎప్పటినుంచి?"

"ఏప్రిల్ల. పడగొట్టే లైసెన్సు దరఖాస్తు మా సెంటర్లనే టైప్ అయ్యింది. నా మిషన్ మీదనే. ఇంటి నంబరు చూసిన, కింద సార్ వాళ్ళ ఆఫీసు పేరు చూసిన. సార్ అప్పట్ల కొలిచింది యాదికొచ్చింది."

"ఆ నోటీసులో..."

"దాంట్ల గూడ ఆఫీసు పేరున్నది. గది చదవలే. నర్సింలుతోని ఆరుగురు పోరగాండ్లు వాకిట్ల నిలబడ్డరు, కోపంల ఉన్నరు. సార్ మొఖం చూసిన. చదివితె ఏమొస్తది? ఇల్లు నిలుస్తదా?" పెట్టెకి లేచిన టేపు అంచు అదిమాడు. "మీతోని సారే చెప్పుకుంటడనుకున్న. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అనుకున్న."

"ఆరోజు నేనన్న మాటలకైనా చెప్పాల్సింది జియా భాయ్. ఎందుకు ఊరుకున్నారు?"

"సార్ చెప్పాల్నని ఊరుకున్న."

పెట్టె పట్టుకుని కూర్చున్నాను.

"మరి కార్లో ఖుత్బుద్దీన్‌తో..."

"అబద్ధమెందుకు, అది నా కొరకే. ఒక గది ఇప్పియ్యమని కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన. మీ కొరకు అడగనీకి పోలే. మీకు దొరుకుతదని నాకు ఎరికే గద." ఆ చివరి మాటలో మాత్రం కాస్త కటువు వినిపించింది. నాలుగేళ్ళలో నేను ఆయన గొంతులో అది విన్నది అదొక్కసారే.

నేను మా వాటాలోకి వెళ్ళి రిచర్డ్‌తో చెప్పాను, ఫ్లాట్లో ఒక గది వాళ్ళకిస్తున్నామని. ఒప్పందంలో రెండో కుటుంబాన్ని పెట్టకూడదని రాసుంది, దొరికితే మనమూ పోతామన్నాడు. ఆ మాటే వెళ్ళి జియా భాయ్‌కి చెప్పి రండి, అన్నాను. లేచి వెళ్ళాడు. ప్లైవుడ్డు గోడకి ఇవతల నేను చెవి ఆనించలేదు. ఆనించకపోయినా వినబడింది. గది ఇస్తామంటున్న రిచర్డ్ గొంతు రెండు మాటల దగ్గర తెగింది. ఆ తర్వాత సాబేరా గొంతు, మా ఇద్దరికీ వినబడాలనే, తెలుగులో వచ్చింది.

"నీ ఇంట్ల నేనుండ సార్. రేపు ఇంకేమన్న పోతె మల్ల నా మొగుణ్ణే అడుగుతరు."

ఆగస్టు ఇరవై ఆరున వాళ్ళు ఎయిర్‌పోర్టుకి వెళ్ళారు. మా టొయోటాలో దింపుతామంటే వద్దని టాక్సీ పిలిపించుకున్నారు. నేను గేటుదాకా వెళ్ళాను. చిన్నపిల్ల జెరూషాకి చెయ్యి ఊపింది. సాబేరా ముందు సీటు వైపు చూస్తూ కూర్చుంది. నేను వంగి, "భాభీ, నన్ను మన్నించు," అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. తిట్టలేదు. "పైలంగ ఉండు," అంది. ఆ జాగ్రత్త నాకు దీవెనో హెచ్చరికో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

సువార్తరావు గారికి కూడా జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "అయినా వాళ్ళని పూర్తిగా నమ్మలేం కదమ్మా," అన్నారు. ఆ మాట తర్వాత మా ఇంట్లో కూడిక పెట్టనని చెప్పేశాను. కొత్త ఫ్లాటు చిన్నదని కారణం చెప్పాను.

నర్సింలువాళ్ళని ఆఖరిరోజు కంపెనీ బస్సు వచ్చి ఎక్కడో ఊరి బయట క్యాంపుకి తీసుకెళ్ళింది. జియా భాయ్ ఆ తర్వాత ఏడాదిపాటు బజార్లో అప్పుడప్పుడు కనబడేవాడు. ఆగి పలకరించేవాడు, జెరూషా ఏ క్లాసని అడిగేవాడు, సాబేరా గురించి మాత్రం చెప్పేవాడు కాదు. తర్వాత కనబడటం మానేశాడు. టైపింగ్ సెంటర్లో అడిగితే మానేసి వెళ్ళిపోయాడన్నారు. ఎక్కడికో వాళ్ళకి తెలియదు.

రిచర్డ్‌తో కాపురం మామూలుగానే సాగింది. మంచి మనిషి, ఇప్పటికీ అంటాను. జెరూషా స్కూలు ఫీజుకి, నా ఆపరేషన్‌కి, దేనికీ లోటు రానివ్వలేదు. ఆయన మౌనంగా కూర్చున్నప్పుడు మాత్రం, ఏం ఆలోచిస్తున్నారని అడగడం నాకు అలవాటయింది. ఏం లేదంటాడు. ఆ ఏం లేదుని ఒక్కసారైనా మనసారా నమ్మానా అంటే, చెప్పలేను.

కొత్త ఫ్లాట్లోకి మారిన వారానికి ఎదురింటావిడ వచ్చింది. కేరళావిడ, నర్సు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టుంది, కాళ్ళకి ఇంకా తెల్లబూట్లున్నాయి. గిన్నెలో పాయసం తెచ్చింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. గదులు చూసింది, కిటికీలు చూసింది, పాపం ఆవిడకీ ఏదో బెంగ ఉన్నట్టుంది, అడగలేక అడిగింది.

"మాకు రెండువేల ఆరు వందలు చెప్పారు. ఇద్దరం కష్టపడినా సరిపోవట్లేదు. పిల్లల్ని ఇంటికి పంపించేద్దామా అనుకుంటున్నాం. మీకెంత?"

వంటగదిలో రిచర్డ్ నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు గట్టుమీద పెట్టిన చప్పుడైంది. వింటున్నాడు.

"మాకూ అంతే," అన్నాను.